ఆర్‌ఎక్స్ 100 పిస్టన్ కిట్ కొనేవారికి హెచ్చరిక: పిన్ లాకులు చూడకుండా బిగించకండి

పాత యమహా ఆర్‌ఎక్స్ 100 బండ్లకు "పాత స్టాకు, అసలు కంపెనీ సరుకు" అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న పిస్టన్ కిట్లతో జాగ్రత్త. నేను కొన్న కిట్‌లో పిస్టన్ చూడ్డానికి బాగానే ఉంది. పెట్టె మీద మెరిసే స్టిక్కరు కూడా ఉంది. పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్ అనే కడ్డీకి కలిపే గడ్జన్ పిన్ను పక్కకు జరగకుండా ఆపే రెండు తీగ లాకులే నాసిరకం. కిట్ ధరలో వాటి వంతు లెక్కలోకి రాదు, సిలిండర్‌ను నాశనం చేసింది మాత్రం అవే. ఈ బండి తయారీ 1996లోనే ఆగిపోయింది. ఇన్నేళ్ల తరువాత కూడా ఏ సైజు అడిగితే ఆ సైజులో "అసలు సరుకు" దొరుకుతోందంటే ముందు అక్కడే అనుమానించాలి.

రీబోర్ (అరిగిన సిలిండర్ లోపలి గోడను కోసి సైజు పెంచడం) చేయించి, కొత్త కిట్ వేయించి, ఇంజిన్ సర్దుకునే వరకు నెమ్మదిగానే నడుపుతున్నాను. ఉన్నట్టుండి గీరుతున్న శబ్దం మొదలై పికప్ పడిపోయింది. విప్పితే ఎడమ లాకు పిస్టన్‌లోని తన గాడిలో లేదు. పిన్ ఆ పక్కకు జరిగి సిలిండర్ గోడను నిలువునా కోసేసింది. లాకు ముక్క పెట్రోలు మిశ్రమం పైకి వెళ్లే ట్రాన్స్‌ఫర్ పోర్టు గుండా పైకి వెళ్లి పిస్టన్ తలనూ, సిలిండర్ పైమూత అయిన హెడ్‌నూ చితక్కొట్టింది. సిలిండర్ లోపలి గొట్టం, అంటే స్లీవ్, మార్చడం తప్ప దారి లేకపోయింది.

అమ్మినవారి జవాబు మీరు ఊహించగలరు: "మీ మెకానిక్ సరిగా బిగించలేదు." కానీ కుడి లాకు ఇంకా గాడిలోనే ఉంది, వేలి కొన తగిలితే చాలు గిర్రున తిరుగుతోంది. సరైన లాకు గాడిని బిగబట్టి కూర్చుంటుంది, వేలికి అంత సులువుగా కదలదు. ఆ వీడియో పంపాక వారి నుంచి జవాబే లేదు.

చిన్న తీగే కదా అనుకోకండి. ఈ ఇంజిన్‌లో పిస్టన్ 50 మిల్లీమీటర్ల దూరం పైకీ కిందికీ తిరుగుతుంది. 7500 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 250 సార్లు దిశ మార్చుకుంటుంది. పై కొసన వెనక్కి మళ్లే క్షణంలో అర గ్రాము తీగ మీద పడే బలం కిలో బరువుకు దగ్గరగా ఉంటుంది. అందుకే లాకు నోరు (తీగ రెండు కొసల మధ్య ఖాళీ) నేరుగా పైకో కిందికో ఉండాలంటారు. నోరు పక్కకు ఉంటే ఆ కుదుపులకు తీగ కొసలు దగ్గరపడి లాకు గాడి నుంచి జారుతుంది. లాకు తీయడానికి పిస్టన్‌లో ఉండే చిన్న గంటు దగ్గరకు కూడా నోరు రాకూడదు.

కిట్ చేతికి రాగానే, రీబోర్‌కు లేత్ షాపుకు వెళ్లకముందే, ఒక లాకును పిస్టన్‌లో వేసి చూడండి. వదులుగా తిరిగితే అక్కడితో ఆపేయండి. గాడి కూడా చూడండి: గుండ్రటి తీగకు గుండ్రటి అడుగున్న గాడి ఉండాలి, రెండు వైపులా లోతు ఒకేలా ఉండాలి. పలకగా కోసిన గాడి కొసల్లో చెవులుండే పలక లాకుకు, అంటే సర్‌క్లిప్‌కు, సరిపోతుంది, తీగకు కాదు. తీగ లాకు వాడే పిన్ కొసల అంచు కాస్త ఏటవాలుగా ఉంటే మంచిది. పిన్ వచ్చి ఒత్తినప్పుడు ఆ వాలు తీగను గాడిలోకే నెడుతుంది.

ఒకసారి తీసిన లాకును మళ్లీ వేయనివ్వకండి, మెకానిక్ ఎంత పాతవాడైనా సరే. బిగించేటప్పుడు సిలిండర్ కింద ఉండే క్రాంక్‌కేసు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కమనండి. ఎగిరిపడిన లాకు లోపలికి పోతే ఇంజిన్ మొత్తం విప్పాలి. మంచి లాకు వేసినా అదే వైపు మళ్లీ ఊడుతుంటే కనెక్టింగ్ రాడ్ వంగిందేమో చూపించండి. పిన్ను సుత్తితో కొట్టి తీసే చోట్ల రాడ్ వంగడం మామూలే.

డబ్బు చెల్లించేముందు గాడి, లాకుల ఫొటోలు దగ్గరగా తీసి పంపమని అడగండి. పెట్టె ఫొటో మాత్రమే పంపేవారి దగ్గర కొనకండి.