కాల్షియం మాత్రలు పళ్లకు ఎంతవరకు పనికొస్తాయి?

సముద్రపు నాచు నుంచి తీసిన కాల్షియం మాత్రలు ఏళ్ల తరబడి వాడుతున్నాను. వాటిలో మెగ్నీషియం, విటమిన్ డి కూడా ఉంటాయి. డబ్బా మీద ‘ఎముకలకు, పళ్లకు బలం’ అని రాసి ఉంటుంది. ఎముకల మాట సరే కానీ, పళ్ల విషయంలో ఆ హామీ చాలా ఎక్కువ.

వాడకం ఇబ్బందేమీ కాదు. పొడి రకం మాత్రం నాకు నచ్చలేదు. ఎంత కలిపినా గ్లాసు అడుగున పేరుకుంటుంది, ఆఖరి గుక్క పళ్ల మధ్య కరకరలాడుతుంది. నాచు నుంచి వచ్చినా ఇందులో ప్రధానంగా ఉన్నది కాల్షియం కార్బొనేటే, అంటే సున్నపురాయిలో ఉండేదే. అది బాగా ఒంటబట్టాలంటే కడుపులో ఆమ్లం ఊరాలి, కాబట్టి భోజనంతో పాటు వేసుకోవాలి. ఒక విడతకు 500 మిల్లీగ్రాములు దాటితే శరీరం గ్రహించే శాతం తగ్గుతుంది. అందుకే నేను రెండు పూటలకు పంచుకుంటాను. మలబద్ధకం రాలేదు, బహుశా మెగ్నీషియం వల్ల కావచ్చు.

ఇక అసలు సంగతి. నా పై కోరపన్ను మీద చిగురును ఆనుకుని సుద్ద పూసినట్టు ఒక తెల్లమచ్చ ఉండేది. తడిగా ఉన్నప్పుడు కనబడేది కాదు, డాక్టరు గాలి ఊది ఆరబెట్టగానే బయటపడేది. ఎనామిల్‌లో, అంటే పన్ను పైనుండే గట్టి పొరలో, ఖనిజాలు కరగడం మొదలైన చోటు అది. ఎన్ని మాత్రలు మింగినా ఆ మచ్చ కదల్లేదు. కదలకపోవడంలో వింత లేదు. ఎనామిల్‌లో బరువు ప్రకారం 96 శాతం దాకా ఖనిజమే, జీవకణాలు గానీ రక్తనాళాలు గానీ ఉండవు. పన్ను మొలిచాక ఆ పొరకు కాల్షియం, ఫాస్ఫేటు అందేది లాలాజలం నుంచే. పైగా రక్తంలో కాల్షియం స్థాయిని శరీరం ఒక హద్దులో నిలిపి ఉంచుతుంది కాబట్టి, ఎక్కువ మింగినంత మాత్రాన అది నోట్లోకి ఊరదు. మాత్ర ఉపకారమంతా దవడ ఎముకకే.

మచ్చలో మార్పు వచ్చింది ఫ్లోరైడ్ పేస్టుతో. రాత్రి తోముకున్నాక నురగ ఉమ్మేసి, నీళ్లతో పుక్కిలించకుండా పడుకోవడం అలవాటు చేసుకున్నాను. భోజనాల మధ్య తీపి మానేశాను. తీపి తింటే నోట్లో ఆమ్లం పెరుగుతుంది. నోటి పీహెచ్ (ఆమ్లాన్ని చెప్పే కొలత, ఆమ్లం పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) 5.5 కన్నా పడిపోతే ఎనామిల్ కరుగుతుంది, ఫ్లోరైడ్ చేరిన ఎనామిల్ 4.5 దాకా తట్టుకుంటుంది. ఇప్పుడు ఆ మచ్చ చిన్నబడింది, గరుకు పోయి నిగనిగలాడుతోంది. చల్లటి నీళ్లకు జివ్వుమనడం కూడా తగ్గింది. గుంట పడి ఉంటే మాత్రం ఏ ఖనిజమూ పూడ్చలేదు, ఫిల్లింగ్ చేయించుకోవాల్సిందే.

‘సహజం’ అన్న ముద్ర చూసి కొనకండి, ఈ మాట గట్టిగా చెబుతున్నాను. జంతువుల ఎముకల పొడిలో, డోలమైట్‌లో (కాల్షియం, మెగ్నీషియం ఉండే ఒక రకం రాయి) సీసం బయటపడిన సందర్భాలున్నాయి. సీసం పరీక్ష ఫలితాలు చూపించే తయారీదారుల సరుకే నేను తీసుకుంటాను. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు దానికీ కాల్షియానికీ మధ్య 4 గంటల ఎడం పాటించాలి. కిడ్నీలో రాళ్లు వచ్చినవారు డాక్టరును అడగకుండా ఈ మాత్రలు మొదలుపెట్టకూడదు.