ఆంపుల్‌ఫోర్త్ మఠం అతిథిగృహం: కీర్తన, పాఠం, విచారణ ఒకే కప్పు కింద

ఇంగ్లండులోని ఉత్తర యార్క్‌షైర్‌లో, ఆంపుల్‌ఫోర్త్ గ్రామాన్ని ఆనుకుని ఉన్న బెనెడిక్టైన్ (పునీత బెనెడిక్టు నియమావళిని పాటించే కథోలిక సన్యాసుల) మఠం బయటివారికి తన అతిథిగృహంలో బస ఇస్తుంది. మఠవాసుల జీవితం ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూడగోరేవారికి ఈ బసను నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తున్నాను. లోకానికి దూరంగా తపస్సు చేసుకునే వారిని చూడాలని వెళ్లేవారికి మాత్రం ఇక్కడ వేరే సంగతి ఎదురవుతుంది. తెల్లవారుజామున గాయకపీఠంలో నిలబడి కీర్తనలు పాడిన మనిషే పగలు తరగతి గదిలో చరిత్ర బోధించడం, విచారణ (ఒక ఊరి కథోలిక విశ్వాసుల సమాజం) గురువుగా వెళ్లి శిశువుకు జ్ఞానస్నానమో మరణశయ్య మీద ఉన్నవారికి అభ్యంగనమో (పవిత్ర తైలం పూసే సంస్కారం) ఇచ్చి రావడం ఈ మఠంలో తరతరాలుగా నడిచిన జీవితం.

ఈ బసలో అన్నిటికన్నా విలువైనది ప్రార్థనల్లో పాలుపంచుకునే అవకాశం. పునీత బెనెడిక్టు ఆరవ శతాబ్దంలో రాసిన నియమావళిలో 73 అధ్యాయాలుంటే, వాటిలో పదమూడు వరుసగా ప్రార్థన క్రమానికే దక్కాయి. వారం తిరిగేసరికి బైబిలులోని 150 కీర్తనలూ పూర్తి కావాలన్నది ఆయన పెట్టిన కొలత. మఠవాసులు రెండు పక్షాలుగా ఎదురెదురుగా నిలిచి, ఒక పక్షం ఒక చరణాన్ని అందుకుంటే మరో పక్షం తర్వాతి చరణాన్ని అందుకుంటూ, ప్రతి చరణం మధ్యలో కాసేపు ఆగుతారు. కొత్తవారికి ఆ విరామం మొదట్లో చిక్కుగా ఉంటుంది, గొంతు ముందుకు దూకబోతుంది. రెండు మూడు ప్రార్థనలు గడిచాక, ఎవరి గొంతూ పైకి వినబడకుండా అందరూ ఒకే ఊపిరితో పాడటానికి ఆ విరామమే ఆధారమని అర్థమవుతుంది. రాత్రి చివరి ప్రార్థన తర్వాత మౌనం పాటించాలని నియమావళి 42వ అధ్యాయం చెబుతుంది, కాబట్టి రాత్రి పొద్దుపోయేదాకా కబుర్లు చెప్పుకోవాలనుకునే బృందాలకు ఈ చోటు తగదు.

గది, భోజనం గురించి ఎక్కువ రాయవలసింది లేదు. గది సాదాగా, శుభ్రంగా ఉంటుంది; భోజనం కడుపు నింపుతుంది. వచ్చిన ప్రతి అతిథినీ క్రీస్తునే ఆహ్వానించినట్లు ఆహ్వానించాలని 53వ అధ్యాయం ఆదేశిస్తుంది. ఆ మర్యాదకు హోటలు సౌకర్యాలను కొలతగా పెట్టుకోవడం న్యాయం కాదని నా అభిప్రాయం.

కట్టడాల దగ్గర తీరిక చేసుకుని ఆగాలి. సర్ గైల్స్ గిల్బర్ట్ స్కాట్ రూపొందించిన మఠాలయం 1961లో పూర్తయింది. అంతకన్నా నన్ను ఎక్కువగా పట్టి నిలిపినవి పక్కనున్న కిల్బర్న్ గ్రామపు వడ్రంగి రాబర్ట్ థాంప్సన్ ఓక్ కర్రతో చేసిన సామాను, వాటి మీద ఆయన గుర్తుగా చెక్కిన చిన్న ఎలుకలు. ఆయనకు ఈ మఠంతో సంబంధం కలిసింది 1919లో, ఆంపుల్‌ఫోర్త్ గ్రామ విచారణ గురువుగా ఉన్న ఫాదర్ పాల్ నెవిల్ ఒక సిలువ చేసిపెట్టమని అడిగినప్పుడు. ఆ నెవిల్ గారే 1924 నుంచి 1954 వరకు మఠం బడికి ప్రధానోపాధ్యాయుడు. బడి గ్రంథాలయానికి బల్లలు, కుర్చీలు కూడా థాంప్సన్ చేతి మీదుగానే వచ్చాయి. ఊళ్లో గురువుగా కుదిరిన పరిచయం పిల్లలు చదువుకునే బల్ల దాకా నడిచిందన్న మాట. ఒకే మఠవాసి మీద మూడు బాధ్యతలు ఉంటే ఒకటి మరొకదానికి ఎలా తోడవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి నిదర్శనం నాకు దొరకలేదు.

కార్డినల్ బేసిల్ హ్యూమ్ కథ కూడా ఈ గోడల మధ్యే మొదలైంది. 1950లో గురుపట్టం పొందాక ఆయన గ్రామ విచారణలో సహాయ గురువుగా సేవ చేస్తూ బడిలో చరిత్ర, ఆధునిక భాషలు బోధించారు. 1963లో మఠాధిపతి అయ్యారు. 1976లో వెస్ట్‌మినిస్టర్ అగ్రపీఠాధిపతిగా (ఆర్చిబిషప్‌గా) నియమితులయ్యారు. పదవి స్వీకరించిన రోజునే ఆయన తన మఠ సహోదరులతో వెస్ట్‌మినిస్టర్ ఆబీకి వెళ్లి లాటిన్‌లో సాయంకాల ప్రార్థన పాడారు. ఆ సంఘటన బరువు తెలియాలంటే చరిత్రలో కొంత వెనక్కి వెళ్లాలి: ఇప్పుడు ఆంగ్లికన్ ఆలయమైన ఆ ఆబీ ఒకప్పుడు బెనెడిక్టైన్ మఠం, దాని మఠవాసుల్లో బతికి ఉన్న చివరి వ్యక్తి సిగ్‌బర్ట్ బక్లీ 1607లో ఇద్దరు ఆంగ్లేయ గురువులను తన పరంపరలోకి చేర్చుకున్నారు, ఆ పరంపరనే అందుకుని మరుసటి ఏడు ఇప్పటి ఫ్రాన్సులో ఉన్న లొరేన్‌లోని ద్యులువార్‌లో స్థిరపడిన సమాజం ఫ్రెంచి విప్లవం వల్ల చెదిరి, చివరికి 1802లో ఆంపుల్‌ఫోర్త్ చేరింది. ద్యులువార్ మఠవాసి ఆల్బన్ రోను 1642లో లండన్‌లోని టైబర్న్ వద్ద ఉరితీశారు. ఇంగ్లండులో కథోలిక గురువుగా ఉండటమే ఆయన నేరం. ఇంగ్లండు బెనెడిక్టైన్లు మఠం విడిచి విచారణలకు వెళ్లే అలవాటుకు మూలం ఆ ప్రమాదకరమైన కాలంలోనే ఉంది.

బడి గురించి ఇంత ఆదరంగా రాస్తూ మరో నిజాన్ని దాచడం తప్పు. పిల్లలపై లైంగిక దోపిడీని విచారించిన ప్రభుత్వ కమిషన్ 2018 ఆగస్టులో ఆంపుల్‌ఫోర్త్, డౌన్‌సైడ్ మఠాల బడుల మీద ఇచ్చిన నివేదిక, దశాబ్దాల తరబడి పిల్లలకు జరిగిన ఘోరాన్నీ, సంస్థ పేరు కాపాడుకోవడానికి పడిన తాపత్రయాన్నీ బయటపెట్టింది. నెవిల్, హ్యూమ్‌ల పేర్లు చదివినవారు ఆ నివేదికనూ చదవాలి. ఉపాధ్యాయుడైన సన్యాసి మీద పెట్టుకున్న నమ్మకం ఎంత పెద్దదో, దాన్ని వంచిస్తే కలిగే గాయం అంత లోతైనది.

మఠం తోటల్లో రెండు వేలకు పైగా ఆపిల్ చెట్లున్నాయి. వాటి పండ్లతో చేసిన సైడరు (ఆపిల్ మద్యం), ద్యులువార్ నాటి సంప్రదాయాన్ని ఆధారం చేసుకుని 2012లో తెచ్చిన బీరు కొనుక్కోవచ్చు. ఊరికి రైలు లేదు. యార్క్ నుంచి రోడ్డు మీద సుమారు 20 మైళ్లు, సొంత వాహనం ఉంటే మేలు. బస కోసం ముందుగానే రాసి అనుమతి తీసుకోవాలి. ఒక్క పగటి పూట చూసి వచ్చేయాలనుకునేవారు కనీసం సాయంకాల ప్రార్థన ముగిసేదాకా ఉండేటట్లు ప్రయాణం పెట్టుకోవాలి.