సోలారా, గీజరా? ముందు పైపు పొడవు కొలవండి

చలి మొదలైతే చాలు, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఇల్లు కడుతున్నవాళ్లు అడిగే మాట ఒకటే. వేడినీళ్లకు డాబా మీద సోలార్ వాటర్ హీటర్ పెట్టించాలా, బాత్‌రూంలో గీజర్ సరిపోతుందా? సొంతిల్లు, నలుగురు మనుషులైతే సోలారే మేలు. అయితే ట్యాంకు నుంచి నల్లా దాకా పైపుకు వేడి పోకుండా తొడుగు వేయించే ఉద్దేశం లేకపోతే దాని జోలికి పోకండి.

వేడినీళ్లకు వాడే ముప్పావు అంగుళం సీపీవీసీ (ప్లాస్టిక్) పైపులో మీటరుకు పావు లీటరు దాకా నీళ్లు నిలుస్తాయి. డాబా మీది నుంచి కింది బాత్‌రూంకు 20 మీటర్లు వచ్చిందనుకోండి, వేడి తగిలేలోపు 5 లీటర్లు పారబోయాల్సిందే. ఒకరి స్నానానికీ ఇంకొకరి స్నానానికీ మధ్య పైపు చల్లారితే నలుగురికి కలిపి బకెట్ నీళ్లు వృథా. బకెట్ స్నానమే అయితే బాత్‌రూంకు విడిగా అర అంగుళం లైను దింపండి, పారబోసేది సగానికి తగ్గుతుంది. షవర్‌కు మాత్రం ధార చాలదు.

తొడుగు కోసం ఏసీ సామాన్ల షాపుకు వెళ్లండి. రాగి పైపులకు వేసే నల్ల నైట్రైల్ రబ్బరు స్లీవే ఇక్కడా పనికొస్తుంది. ముప్పావు సీపీవీసీకి 7/8 అంగుళం, అర అంగుళానికి 5/8 సైజు అతికినట్టు సరిపోతాయి. డాబా మీద 19 మిల్లీమీటర్ల మందం తీసుకోండి. పైపులు అతికించకముందే తొడిగితే కోయక్కర్లేదు. కోయాల్సి వస్తే చీలిక కిందివైపు ఉంచి గమ్ముతో అతికించాలి, లేదంటే వాన నీళ్లు దిగుతాయి. పైన అల్యూమినియం టేపు చుట్టకపోతే మన ఎండలకు రబ్బరు పగిలి పొడి రాలుతుంది. ప్లంబర్లు ఎక్కువగా వదిలేసేది ఎల్బోలు, క్లాంపుల దగ్గరే. స్లీవ్ మీదుగా పెద్ద సైజు క్లాంపు వేయమనండి. గోడలో పోయే పైపుకు ప్లాస్టరింగ్ ముందే 9 మిల్లీమీటర్లదైనా తొడగాలి, తర్వాత చేసేదేం లేదు.

సోలార్‌లో గాజు గొట్టాలదే తీసుకోండి. రాగి ప్లేట్లదాంట్లో సన్నని గొట్టాలుంటాయి, బోరు నీళ్ల ఉప్పు పేరుకొని అవి మూసుకుపోతాయి. గాజు గొట్టం వెడల్పు, అడుగున చేరిన సుద్దను ఊడదీసి కడగొచ్చు. సోలార్ ట్యాంకు మీది గాలి పైపు కొస చల్లనీళ్ల ట్యాంకు కంటే ఎత్తులో, ఎప్పుడూ తెరిచే ఉండాలి.

మబ్బు రోజుల కోసం సోలార్ ట్యాంకులోనే కరెంటు హీటర్ పెట్టించుకోకండి. 150 లీటర్లను 30 డిగ్రీలు పెంచాలంటే 5 యూనిట్లు దాటుతుంది. బాత్‌రూంలో 15 లీటర్ల గీజర్ ఉంటే అర యూనిట్, పదహారు నిమిషాలు.

అద్దె ఇల్లయినా, ఇద్దరే ఉన్నా ఆ గీజర్ ఒక్కటే చాలు. వేడి 50, 55 డిగ్రీలకు మించనివ్వకండి, ఎక్కువైతే ఎలిమెంట్‌కు ఉప్పు పొర త్వరగా కడుతుంది. కాగేటప్పుడు చిటపట చప్పుడొస్తే పొర మందమైనట్టే. ఏడాదికోసారి విప్పించి ఎలిమెంట్ గీకించాలి, లోపలి మెగ్నీషియం రాడ్ అరిగితే మార్పించాలి.

గ్యాస్ గీజర్‌ను బాత్‌రూం లోపల పెట్టొద్దు, అది వదిలే కనిపించని విషవాయువుతో ప్రాణాలు పోతాయి. బకెట్‌లో వేసే రాడ్ పిల్లలున్న ఇంట్లో వద్దు.

సోలార్ లైను వంటింటికీ లాగేవాళ్లున్నారు. గిన్నెలు కడగడానికి మంచిదే. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లు ఎంత కాగినా ఫ్లోరైడ్ పోదు, ఎసరు మాత్రం మిషన్ భగీరథ నల్లా నీళ్లతోనే పెట్టండి.