నాగార్జునకొండ: లాంచీ ఒక్కటే కాదు, అనుపు కూడా చూడండి

సాగర్ వెళ్లేవాళ్లలో చాలామంది డ్యామ్ గేట్లు చూసి, ఎత్తిపోతల జలపాతం దగ్గర నాలుగు ఫోటోలు దిగి, చేపల వేపుడు తిని ఇంటికి బయల్దేరతారు. మేం మాత్రం జలాశయం మధ్యలో దీవిగా మిగిలిన నాగార్జునకొండ మీది మ్యూజియం కోసమే వెళ్లాం. అక్కడ ఏం చూడాలో, దేనికి ఎంత టైమ్ పెట్టాలో ఎవరూ సరిగ్గా చెప్పరు కాబట్టి రాస్తున్నాను.

లాంచీలు కుడిగట్టున విజయపురి సౌత్ నుంచి బయల్దేరతాయి. పొద్దున్నే వెళ్లి మొదటి ట్రిప్పే పట్టుకోండి. ఆ తర్వాత జనం నిండితేగానీ లాంచీవాళ్లు కదలరు. ఎండలో నిలబడి "ఇంకో పదిమంది వస్తే వెళ్దాం సార్" అన్న మాట మేం చాలాసార్లు విన్నాం. దిగాక మనకిచ్చేది గంట సేపే. ఆ గంటలో సగం గట్టు నుంచి మ్యూజియం దాకా నడవడానికి, మంచినీళ్లకి పోతుంది.

లోపల ముందుగా లోయ నమూనా దగ్గర ఆగండి. ఇప్పుడు నీళ్లున్న చోట మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేదని, మనం నిలబడింది నిజానికి ఒక కొండ నెత్తిన అని అది చూస్తేనే అర్థమవుతుంది. తర్వాత పలనాటి సున్నపురాయి మీద చెక్కిన శిల్పాల పలకలు చూడండి. గుర్రం కళ్లెం, చెవుల కమ్మలు, జడ అల్లిక కూడా విడివిడిగా కనిపిస్తాయి.

ఈ చోటు బయటపడిన కథలో నాకు నచ్చింది దాని మొదలు. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక బడిపంతులు ఇక్కడ ఒక పాత స్తంభం చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. శాసనాల శాఖలో తెలుగు అసిస్టెంటుగా ఉన్న సరస్వతి గారు వచ్చి పరిశీలించారు. పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 దాకా తవ్వించారు. పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది ఆ దొర పేరే. పంతులుగారు ఆ రాయిని చూసి 'మనకెందుకులే' అనుకుని ఉంటే కథ ఎప్పుడు మొదలయ్యేదో! తర్వాత డ్యామ్ ఖాయమయ్యేసరికి లోయ మునిగేలోపు తవ్వకం ముగించాల్సి వచ్చింది. 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం బృందం ఆ పని చేసింది. ముఖ్యమైన కట్టడాలను విప్పి, కొన్నిటిని కొండ మీద, కొన్నిటిని కుడిగట్టునే ఉన్న అనుపులో మళ్లీ కట్టారు.

కొండ మీద మళ్లీ కట్టిన బౌద్ధ స్తూపాలు మాత్రం నాకు అంతగా ఆనలేదు. ఏది అసలు రాయో, ఏది కొత్త ఇటుకో చూస్తే తేలలేదు. ఒక స్తూపం పునాదిలో స్వస్తిక ఆకారంలో పేర్చిన ఇటుకలు మాత్రం బాగున్నాయి.

నా ఓటు అనుపుకే. లాంచీ అక్కర్లేదు, ఆటోలో వెళ్లొచ్చు, తరిమేవాళ్లు లేరు. అక్కడ చుట్టూ మెట్లున్న పాత ఆంఫీథియేటర్ మధ్యలో నిలబడి నేను మామూలు గొంతుతో మాట్లాడితే పై వరసలో కూర్చున్న మా ఆవిడకి వినిపించింది. పక్కనే బౌద్ధ భిక్షువులు ఉండే విహారాల పునాదులు, పిల్లల్ని కాపాడే బౌద్ధ దేవత హారీతి గుడి ఉన్నాయి. నీడ తక్కువ, కాబట్టి సాయంత్రం వెళ్లండి. నీళ్ల సీసా మర్చిపోవద్దు.

ఎడమగట్టున 2022లో తెరిచిన బుద్ధవనం అనే బౌద్ధ థీమ్ పార్కు శుభ్రంగా ఉంటుంది, పిల్లలకి బాగుంటుంది. కానీ అక్కడున్నవి నమూనాలే. ఒక్క రోజే ఉంటే దాన్ని వదిలేయొచ్చు.

బస సంగతికొస్తే, మేం దిగిన లాడ్జిలో 'రివర్ వ్యూ' అన్న గది కిటికీ తీస్తే జనరేటర్ షెడ్డు కనిపించింది. గది చూశాకే డబ్బు కట్టండి. శుక్రవారం మ్యూజియం సెలవు, దాన్నిబట్టి బయల్దేరండి.