‘అఫీషియల్ ఊరి హద్దులు’ అమ్ముతున్న పెద్దమనిషితో జాగ్రత్త

ఎవరో మీకు తెలుసు. "రెండు తెలుగు రాష్ట్రాలు, ఊరూరి హద్దు, అఫీషియల్, అప్‌డేటెడ్, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కి రెడీ" అని పోస్టర్ వేసుకుని ప్రతి గ్రూపులో తిరుగుతుంటాడే, ఆయనే. పేరు రాయను. ఆ హద్దుల ఫైలుకి 4,000 చెప్పాడు, బేరమాడి 3,500కి తెచ్చా. ఆ పూటంతా భుజాలు చరుచుకున్నా కూడా.

నాకు కావలసింది మా పాల్వంచ వైపు ఊళ్ల హద్దులు. రోడ్లు, చెరువులు, బళ్లు నాలుగేళ్లుగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో, అదే ఎవరైనా ఎడిట్ చేయగల ఫ్రీ మ్యాప్‌లో, పెడుతూనే ఉన్నా. హద్దు మాత్రం శాటిలైట్ ఫొటోలో కనపడదు కదా, ఎవరో కొలిచి గీస్తేనే ఉంటుంది. అక్కడే ఆశపడ్డా.

ఫైలు రాగానే బుద్ధి ఉన్నవాడు మొత్తం తెరిచి చూస్తాడు. నేను మా మండలం ఒక్కటి తెరిచి, మా ఊరి ఆకారం చూసి మురిసిపోయి, జోసమ్‌లోకి (ఆ మ్యాప్ ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్) లాగి అప్‌లోడ్ కొట్టేశా. తర్వాత మొదలైంది అసలు పని. పక్కపక్క ఊళ్లకి గట్టు ఒకటే, ఈ ఫైల్లో మాత్రం గీతలు రెండు, ఒకదాని మీద ఒకటి. రెండింటినీ కలిపి ఒక్కటి చేసి, ఆ ఒక్కదాన్ని రెండు ఊళ్ల రిలేషన్లలోనూ (గీతల్ని కలిపి ఒక ఊరి హద్దుగా కట్టే మూటలు) చేర్చాలి. మూడు వారాల రాత్రిళ్లు పోయాయి. మా ఆవిడ "ఆ ఊళ్లకి నువ్వేమన్నా పట్వారీవా?" అని అడిగింది. నవ్వి ఊరుకున్నా.

మొన్న ఆదివారం నా ఛేంజ్‌సెట్ (ఒకసారి అప్‌లోడ్ చేసిన మార్పుల కట్ట) కింద ఒకాయన చాలా మర్యాదగా కామెంట్ పెట్టాడు. ఈ డేటా ఎక్కడిది, లైసెన్సు ఏంటి, ఇంపోర్ట్ చేసే ముందు, అంటే బయటి డేటాని ఇలా గుంపుగా ఎక్కించే ముందు, ఎక్కడైనా చర్చ పెట్టారా అని. ఆ మూడు ప్రశ్నల్లో ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు.

సరే, అమ్మినాయన ఉన్నాడు కదా అని మెసేజ్ పెట్టా. "అన్నా, లైసెన్సు కాగితం ఏదన్నా ఉంటే పంపవా, మ్యాప్ వాళ్లు అడుగుతున్నారు." రెండు నీలం టిక్కులు పడ్డాయి. గంటసేపు ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ చేస్తే కట్ చేశాడు. మళ్లీ చేస్తే మళ్లీ కట్. చివరికి తొమ్మిది సెకన్ల వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల టీవీ మోగుతోంది, ఏదో నములుతూ మాట్లాడుతున్నాడు: "తమ్ముడూ, నువ్వు డబ్బులిచ్చింది ఫైలుకి. పర్మిషన్‌కి కాదు. చదువుకున్నోడివి, ఆమాత్రం తెల్వదా?"

పోస్టర్ మీద "ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కి రెడీ" అని రాసుకున్నది నువ్వే కదన్నా అని టైప్ చేశా. సింగిల్ టిక్. బ్లాక్ చేశాడు. ఆ తొమ్మిది సెకన్లు ఇప్పటికి ఓ ఇరవైసార్లు విన్నా. 3,500 పోయినందుకు కాదు, ఆ నమిలే చప్పుడుకి మండుతోంది నాకు.

ఆ కోపంలో ఫైలు మొత్తం తెరిచా, మొదటిరోజే చేయాల్సిన పని. కూనవరం, చింతూరు అందులో ఇంకా ఖమ్మం జిల్లాలోనే ఉన్నాయి! పోలవరం ముంపు పేరుతో అవి 2014లోనే ఆంధ్రకి పోయాయి. ఆంధ్ర జిల్లాలు 2022లో 26 చేసినప్పుడు తూర్పుగోదావరి నుంచి అల్లూరి జిల్లాలో కలిపారు కూడా. అలాగే ఆంధ్రకి పోయిన కుక్కునూరు, వేలేరుపాడు కూడా ఫైల్లో ఖమ్మంలోనే. స్టేట్ కోడు కాలమ్‌లో 28, అంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది. తెలంగాణది 36 అని జీఎస్టీ బిల్లు కొట్టే కిరాణా కొట్టాయన కూడా చెబుతాడు. జిల్లా కోడు 541, అంటే 2011 సెన్సస్‌లో పాత ఖమ్మం. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి, ఈ మహానుభావుడి ‘అప్‌డేటెడ్’ ఫైల్లో మాత్రం ఇంకా రాష్ట్రమే విడిపోలేదు. సమైక్యవాది.

ఇంకో తప్పు పూర్తిగా నాదే. భద్రాచలం పక్కన టౌన్ అని ఉంటే మున్సిపాలిటీ హద్దు అనుకుని పరిపాలనా హద్దుగా ట్యాగ్ చేశా. అది సెన్సస్ టౌన్. జనాభా కనీసం 5,000 ఉండాలి, మగవాళ్లలో ప్రధాన పనివాళ్లు నూటికి కనీసం 75 మంది వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి, చదరపు కిలోమీటరుకి కనీసం 400 మంది ఉండాలి. ఈ లెక్కలు కుదిరితే జనాభా లెక్కలవాళ్లు తమ సౌకర్యానికి టౌన్ అంటారు. అక్కడ నడుస్తున్నది పంచాయతీయే. లెక్కల కోసం గీసిన హద్దూ, పాలన హద్దూ ఒకటి కావని నాకు ఇంత ఖర్చు పెట్టాక తెలిసింది.

నిన్న రాత్రి మ్యాప్ వాళ్లు నేను ఎక్కించిందంతా రివర్ట్ చేశారు, అంటే వెనక్కి తీసేశారు. వాళ్లని ఏమీ అనను, హక్కు తేలని డేటా అక్కడ ఉండకూడదు. కానీ అవే ఛేంజ్‌సెట్లలో నేను చేత్తో సరిచేసిన ఊరి పేర్లూ, రెండు వాగులూ కూడా పోయాయి. అవి నా కష్టం.

కొనాలనుకుంటున్నవాళ్లకి: ముందు లైసెన్సు అడగండి, రాతలో. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2012 నుంచి ఓడీబీఎల్ అనే ఓపెన్ లైసెన్సు కింద ఉంది, అందులో డేటాని వ్యాపారానికీ వాడుకోవచ్చు, కాబట్టి "వాణిజ్యానికి వాడరాదు" అన్న ఒక్క లైను ఉన్నా ఆ డేటా అక్కడ పనికిరాదు. సీసీ బై (పేరు చెప్పి వాడుకోమనే లైసెన్సు) ఉన్నా హక్కుదారు దగ్గర విడిగా అనుమతి తీసుకోవాలి. ప్రభుత్వ సైట్లో కనిపించిందని ఫ్రీ అయిపోదు. ఇంపోర్ట్‌కి వేరే అకౌంట్, ముందు చర్చ. ఫైలు చేతికొస్తే ముందు కూనవరం ఎక్కడుందో చూడండి, పది సెకన్ల పని.

ఫైలు ఇంకా నా ల్యాప్‌టాప్‌లోనే ఉంది. "ఒకసారి పంపవా అన్నా" అని ఇప్పటికే ఇద్దరు మెసేజ్ పెట్టారు. పంపను.