గుల్‌మార్గ్ మంచులో రెండు సెంటీమీటర్ల తేడా

ఉగాదికి ముందు అలిపిరి మెట్లెక్కి స్వామిని చూసి రావడం పద్నాలుగేళ్లుగా మా ఇంటి నియమం. ఈ ఏడాది అది తప్పింది. జబ్బు చేసి కాదు, తీరిక లేక అంతకన్నా కాదు. కాశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌లో, మంచు మీద జారడానికి కాళ్లకు తగిలించుకునే స్కీలు అద్దెకిచ్చే ఒక దుకాణంలో పనివాడు చిన్న ఇనుప ముక్కను జరపకుండా వదిలేశాడు. దాని ఫలితం నా కుడి మోకాలు అనుభవించింది. తిరుపతిలో నాకు తెలిసిన నాలుగైదు కుటుంబాలు వచ్చే చలికాలం కాశ్మీర్‌కు బయలుదేరుతున్నాయి. వాళ్లయినా జాగ్రత్త పడాలని ఇదంతా రాస్తున్నాను.

వెళ్లింది నలుగురం. నేను, మావారు, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, చిత్తూరులో ఉండే మా మరిది. స్కీయింగ్ మాకు పూర్తిగా కొత్త కాదు. కిందటేడు గుల్‌మార్గ్‌లోనే ఆరు రోజులు నేర్చుకున్నాం. మావారికి మాత్రం మంచును కిటికీలోంచి చూస్తే చాలు. ఈసారి నవంబరు నుంచి ఆదివారాల్లో శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లూ ఎక్కి, బస్సెక్కకుండా నడిచే దిగేవాళ్లం. స్కీ మీద తొడలు పడే కష్టానికి మెట్లు దిగడం కంటే మంచి సాధన మన ఊళ్లో మరొకటి లేదు.

రేణిగుంట నుంచి హైదరాబాద్, ఢిల్లీ మీదుగా శ్రీనగర్. రానూపోనూ మనిషికి రూ.23,400, నలుగురికి రూ.93,600. ప్రయాణం ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది. శ్రీనగర్ నుంచి గుల్‌మార్గ్ యాభై కిలోమీటర్ల చిల్లర. టాక్సీకి రూ.2,800 ఇచ్చాం. కానీ మంచు కురవడంతో తంగ్‌మార్గ్‌లో ఆపేశారు. అక్కడి నుంచి చక్రాలకు గొలుసులు కట్టిన బండి ఎక్కాలి, దానికి మరో రూ.1,500. టాక్సీ మాట్లాడుకునేటప్పుడే ఈ ఖర్చు ఎవరిదో తేల్చుకోండి. గది రోజుకు రూ.6,500. వెచ్చగానే ఉంది, వేడినీళ్లు ఉదయం ఎనిమిది దాకా వచ్చాయి. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

ఇక అసలు విషయం. మొదటి దుకాణాన్ని ఎంచింది మా మరిది. కిందటేడు అక్కడే తీసుకున్నాడు, మంచి అనుభవమే అయింది. స్కీలు, బూట్లు, కర్రలు కలిపి రోజుకు రూ.1,600, మూడు రోజులకు రూ.4,800 ముందే కట్టాలన్నారు, కట్టాను. నాకు ఆల్ మౌంటెన్ స్కీలు కావాలని అడిగాను. పొలం గట్టు మీదా తారు రోడ్డు మీదా నడవడానికి ఒకే జత చెప్పులు వాడుకున్నట్టు, చదును చేసిన వాలు మీదా అప్పుడే పడిన మెత్తటి మంచులోనూ పనికొచ్చే రకం ఇవి. పాదం కింద నడుము భాగం వెడల్పు మామూలుగా 80 నుంచి 100 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. గట్టి మంచు మీద ఎక్కువసేపు తిరిగేవాళ్లకు 80ల్లో ఉన్నవి చాలు, పక్క నుంచి పక్కకు చురుగ్గా తిరుగుతాయి. మెత్తటి మంచు కోసమే వెళ్లేవాళ్లకు వెడల్పు ఎక్కువైతే మేలు, మంచులో దిగబడవు.

పనివాడు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 52 కిలోలు. గోడకు ఆనించి ఉన్న 170 సెంటీమీటర్ల జత తీసి ముందు పెట్టాడు. నా తల మీంచి బెత్తెడు పైనే కనిపిస్తున్నాయి. పొడవు ఎక్కువ కాదా అని నేను అడిగితే మావారి వైపు తిరిగి, పొడవైతే నిలకడగా ఉంటాయి సార్ అన్నాడు. స్కీ వేసుకునేది నేను, జవాబు ఆయనకు! ఆ క్షణంలోనే లేచి రావలసింది. "వదినా, వీళ్లు ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నారు" అని మరిది అనడంతో ఊరుకున్నాను.

పొడవైన స్కీ వేగంలో కుదురుగా ఉంటుందన్న మాట అబద్ధం కాదు. ఆ కుదురు వేగంగా వెళ్లేవాళ్లకు, బరువున్నవాళ్లకు. నేర్చుకునే దశలో ఉన్నవాళ్లకు గడ్డానికీ ముక్కుకూ మధ్య దాకా వచ్చే స్కీ చాలు. కాస్త వచ్చినవాళ్లు కనుబొమలు, నుదుటి దాకా వెళ్లొచ్చు. తల దాటినవి బాగా చేయి తిరిగినవాళ్లకే. ముందు కొన బాగా పైకి వంగి ఉన్న రకాలు మంచును తాకే భాగం తక్కువ కాబట్టి ఉన్న పొడవు కంటే పొట్టిగా అనిపిస్తాయి, వాటిలో ఒక మెట్టు పెద్దది తీసుకోవచ్చు. నాకిచ్చిన జత అలాంటిదీ కాదు.

మొదటి రోజు ఉదయమంతా ముందుకు పడుతూనే ఉన్నాను. రాత్రి కురిసిన మంచు చీలమండ లోతు ఉంది. వాలు మీద కాస్త వేగం అందుకోగానే స్కీల ముందు కొనలు మంచులోకి దూరిపోతున్నాయి, నేను వాటి మీంచి తూలిపోతున్నాను. వెనుక భాగం మాత్రం తోకలా వేలాడుతూ తిరగనంటోంది. కిందటేడు వచ్చిన విద్యంతా మరచిపోయానా అనిపించింది. మా అమ్మాయి పక్కనే సునాయాసంగా దిగిపోతోంది. "అమ్మా, నువ్వు బాగానే నిలబడుతున్నావు, స్కీలే ఏదో తేడాగా ఉన్నాయి" అంది. నేను వినిపించుకోలేదు. పన్నెండు గంటల ప్రాంతంలో కుడి స్కీ కొన దిగబడింది, ఒళ్లు ఎడమకు తిరిగింది, బూటు మాత్రం దాన్ని స్కీకి పట్టి ఉంచే బైండింగు నుంచి ఊడి రాలేదు. మోకాలి లోపల ఏదో సాగినట్టయింది. ఆ నొప్పికి మంచులో కూర్చుండిపోయాను.

గదికి వచ్చాక మోకాలికి ఐసు పెట్టుకుని, స్కీలను మంచం పక్కన పెట్టించుకుని చూశాను. నేను ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నదాన్ని, అంకెలు కనిపిస్తే వదలను. అద్దె స్కీల బైండింగు ఒక పట్టీ మీద జరుగుతుంది. కాలివేళ్ల వైపు ఒక ముక్క, మడమ వైపు ఒక ముక్క, రెండింటి పక్కనా బూటు అడుగు పొడవును మిల్లీమీటర్లలో సూచించే అంకెలు. నా బూటు మడమ పక్కన చిన్న అక్షరాల్లో 285 అని అచ్చయి ఉంది. అంటే రెండు ముక్కలూ 285 దగ్గరే ఉండాలి. ముందు ముక్క 325 దగ్గర ఉంది. మడమ ముక్క 245 దగ్గర ఉంది. రెండూ కూడి సగం చేస్తే 285! అందుకే బూటు బిగుతుగానే పట్టింది, చూసేవాళ్లకు తప్పు కనబడదు. నాకంటే ముందు ఎవరో పెద్ద పాదాల మనిషి వాడి ఉంటాడు. పనివాడు ముందు ముక్కను అలాగే ఉంచి, మడమ ముక్కను మాత్రం ముందుకు తోసి నా బూటు బిగించేశాడు. ఫలితంగా ముందు ముక్కలో ఉన్న 40 తేడాలో సగం, అంటే నేను నిలబడాల్సిన చోటు కంటే 20 మిల్లీమీటర్లు ముందుకు నిలబడ్డాను.

బూటు అడుగు మధ్యలో ఒక సన్నటి గీత ఉంటుంది, స్కీ మీదా తయారీదారు పెట్టిన గీత ఉంటుంది. రెండూ ఒకదాని ఎదురుగా ఒకటి రావాలి. నా బూటు పెట్టి చూస్తే రెండు గీతల మధ్య నా బొటనవేలు పట్టింది. తెలిసినవాళ్లు కావాలనే ఒక సెంటీమీటరు ముందుకు జరుపుకుంటారు, మలుపులు తేలికవుతాయి. మెత్తటి మంచు కోసం కొంచెం వెనక్కి జరుపుకుంటారు, ముందు కొన తేలుతుంది. అది తెలిసి చేసుకునే మార్పు. కొత్త మంచు పడిన రోజున, తల దాటిన స్కీ మీద నన్ను రెండు సెంటీమీటర్లు ముందుకు తోస్తే కొనలు దిగబడక ఏమవుతాయి? ఇంకా కోపం తెప్పించింది విడుదల అంకె. పడినప్పుడు బూటు ఎంత బలానికి ఊడిరావాలో చెప్పే అంకె అది. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, ఎంత బాగా స్కీ చేస్తారు అన్నవి అడిగి పట్టిక చూసి పెట్టాలి. నా దాని మీద 7 ఉంది, నాకు కావలసిన దానికి అది రెట్టింపని తర్వాత తెలిసింది.

మరిది తన స్కీలు తెచ్చి చూసుకున్నాడు. అతని బూటు 315. ముందు ముక్క 325, మడమ ముక్క 305. అతనికి వచ్చిన తేడా అర సెంటీమీటరే. అతనికి ఆ దుకాణం ఎందుకు మంచిదనిపించిందో అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం అతను సరిగా భోజనం చేయలేదు. "తప్పు నాదే వదినా" అని రెండుసార్లు అన్నాడు. నీది కాదయ్యా అన్నా ముఖం తేరుకోలేదు.

మర్నాడు మావారు దుకాణానికి వెళ్లారు. మామూలుగా గొంతు పెంచని మనిషి. వాళ్లు అంకెలు చూసి కూడా, మేడమ్‌కు అలవాటు లేక పడ్డారు అన్నారట. మిగిలిన రెండు రోజుల రూ.3,200 తిరిగి ఇవ్వలేదు. పైగా హామీగా ఉంచుకున్న నా ఆధార్ కార్డు ఇవ్వడానికి గంట తిప్పారు. అసలు కార్డు ఎవరికీ ఇవ్వకండి. నకలు ఇవ్వండి, కాదంటే డబ్బు హామీగా పెట్టండి, అదీ కుదరదంటే వేరే చోటు చూసుకోండి.

ఆ రోజు నన్ను ఓదార్చింది భోజనం. శాకాహారులకు కాశ్మీర్‌లో తిండి దొరకదని ఇంట్లో భయపెట్టి, పులిహోర పొడి, టమాట పచ్చడి సంచినిండా కట్టించారు. చిన్న పూటకూటి ఇంట్లో వేడి అన్నం, హాక్ ఆకుకూర, నద్రు కూర పెట్టారు. నద్రు అంటే తామర తూడు, అడ్డంగా కోస్తే చక్రంలా రంధ్రాలు. హాక్‌ను ఆవనూనెలో ఎండుమిర్చి వేసి పలుచగా వండుతారు, ఆ నీళ్లు అన్నంలో కలుపుకుంటే పుల్లకూర చారు తిన్నంత తృప్తి. కాశ్మీరీలు మనలాగే అన్నం తినేవాళ్లని అక్కడే గ్రహించాను. నలుగురికీ రూ.880. పచ్చడి సీసా తీయనే లేదు.

నాలుగో రోజుకు నొప్పి తగ్గింది. తగ్గిందని మళ్లీ మంచులోకి వెళ్లడం నేను చేసిన తప్పు, మీరు చేయకండి. అయితే ఆ రోజు వెళ్లకపోతే రెండో దుకాణం చూసేదాన్ని కాదు. రోజుకు రూ.1,800, హామీ రూ.3,000, సాయంత్రం పైసా తగ్గకుండా తిరిగి ఇచ్చారు. అరవై దాటిన పెద్దాయన నేరుగా నన్నే కూర్చోబెట్టి, పాదం కొలిచి, "ముందు బూటు, ఆ తర్వాతే స్కీ" అన్నాడు. బూటు నంబరు పాదం పొడవు సెంటీమీటర్లలోనే ఉంటుంది, నాది 24.5. రెండు జతల మేజోళ్లు వేసుకుని వచ్చాను, ఒకటి విప్పించాడు. పిక్కలు నొక్కుకుపోవడానికి అదే కారణమట. ఎత్తు, బరువు, వయసు, ఎన్ని రోజుల అనుభవం అన్నీ అడిగి, వేలితో పట్టిక వెంట గీసుకుంటూ వెళ్లి అంకె మూడున్నర దగ్గర పెట్టాడు. 152 సెంటీమీటర్ల స్కీ, నడుము వెడల్పు 84. నా పక్కన నిలబెడితే నుదుటి దాకా వచ్చింది. ముందు ముక్కనూ మడమ ముక్కనూ రెండింటినీ జరిపి 285 దగ్గరకు తెచ్చాడు. బూటు బిగించాక, మడమ ముక్క బూటును ఎంత బలంగా ముందుకు నొక్కుతోందో చూపే గుర్తు సరైన చోటికి వచ్చిందో లేదో వంగి చూశాడు. ఆఖరుకు నన్నే పిలిచి గీతకు ఎదురుగా గీత చూపించాడు. అంతా పన్నెండు నిమిషాల పని.

పిల్లల వాలు మీదే గంటన్నర తిరిగాను. ఒక్కసారి కూడా ముందుకు తూలలేదు. అదే మంచు, అదే నేను.

మరిదీ అక్కడే మార్చుకున్నాడు, 98 వెడల్పున్న 180 సెంటీమీటర్ల జత. అతను 178 ఎత్తు, 80 కిలోల మనిషి, అతనికవి సరిపోయాయి. గైడుతో గొండోలా (తీగ మీద నడిచే రోప్‌వే) రెండో దశలో అఫర్వత్ పర్వతం మీదికి వెళ్లాడు. 3,900 మీటర్లు దాటిన ఎత్తు, హిమపాతాలు విరుచుకుపడే చోటు. గైడు, మంచులో కూరుకుపోతే ఆచూకీ చెప్పే పరికరం లేకుండా అక్కడ స్కీలు వేయకండి. మా అమ్మాయిని మొదటి దశ కొంగ్‌డోరి వరకే పంపాను, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. గొండోలా టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, వరుసలో నిలబడి ఒక పూట పోగొట్టుకోవద్దు.

తిరుపతికి వచ్చాక ఎముకల వైద్యుడు లిగమెంటు సాగింది, తెగలేదు అన్నారు. ఆరు వారాలు మెట్లెక్కవద్దన్నారు. ఉగాదికి ముందు అందరూ నడిచి వెళ్తుంటే నేను బస్సులో కొండకు వెళ్లాను. స్వామి దర్శనం అయింది, కానీ మనసు మెట్ల మీదే ఉంది. ఏప్రిల్ ఆఖరులో, తెల్లవారుజామున, అలిపిరి దగ్గర సంచులు అప్పగించి చీటీ తీసుకున్నాం. పైసా తీసుకోకుండా ఆ సంచులను కొండ మీదికి చేర్చే ఏర్పాటు చూసినప్పుడల్లా గర్వపడతాను, ఈసారి ఇంకాస్త ఎక్కువ. మోకాళ్ల పర్వతం దగ్గర మా మరిది నా వెనకే, ఒక మెట్టు కిందే నడిచాడు. "నొప్పి ఉందా వదినా?" అని ప్రతి పది మెట్లకూ అడిగాడు. లేదు.

మా అమ్మాయి వంటింటి తలుపు చట్టం మీద పెన్సిలుతో మా ఇద్దరి గడ్డం, ముక్కు, నుదురు గీతలు పెట్టి, పక్కన మా బూటు అడుగు పొడవులు రాసి ఉంచింది. ఫిబ్రవరికల్లా తన గీతలు మళ్లీ గీయాలట.