సీసాలో తెల్లసొన: పచ్చసొనను ఎవరు వదులుకోవాలి?

పచ్చసొన తీసివేసి, పాశ్చరైజ్ చేసి, సీసాల్లో నింపి అమ్ముతున్న తెల్లసొనను కొంతకాలంగా వాడుతున్నాను. గుడ్డు కొట్టి సొనలు వేరుచేసే శ్రమ తప్పుతుంది, సందేహం లేదు. అయితే సీసా వంచగానే అది నీళ్లలా జారి పెనమంతా పరుచుకుంటుంది. మంట కాస్త ఎక్కువైతే అంచులు రబ్బరులా సాగుతాయి. అట్టుకు మెత్తదనం, కమ్మదనం ఇచ్చేది పచ్చసొనేనని మొదటి ముద్దకే తెలిసిపోతుంది.

రుచి సంగతి ఎలా ఉన్నా, నా అసలు అభ్యంతరం సీసా మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసిన ‘కొలెస్ట్రాల్ లేదు’ అన్న మాట మీద. అది అబద్ధం కాదు. పెద్ద గుడ్డులోని పచ్చసొన సుమారు 17 గ్రాములే ఉంటుంది, అందులోనే సుమారు 185 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్, 4.5 గ్రాముల కొవ్వు ఉంటాయి. కానీ గుడ్డులోని ఎ, డి విటమిన్లు, బి12లో అధికభాగం, కంటి రెటీనాను కాపాడే లూటీన్, జియాజాంథిన్ కూడా అక్కడే ఉన్నాయి. గర్భస్థ శిశువు మెదడు ఎదుగుదలకు అవసరమైన కోలిన్ దాదాపు 140 మిల్లీగ్రాములు, అంటే గర్భిణికి రోజుకు కావలసిన 450 మిల్లీగ్రాములలో మూడో వంతుకు కాస్త తక్కువ, ఒక్క పచ్చసొన నుంచే అందుతుంది. ప్రోటీన్ అంతా తెల్లసొనలోనే ఉంటుందన్న నమ్మకం కూడా సరికాదు. ఐదింట రెండు వంతులు పచ్చసొనదే.

మన రక్తంలోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం శరీరమే తయారు చేసుకుంటుంది. చాలామందిలో చెడు కొలెస్ట్రాల్‌ను ఆహారంలోని కొలెస్ట్రాల్ కంటే, వెన్న, నెయ్యి వంటివాటిలో ఎక్కువగా ఉండే సంతృప్త కొవ్వే ఎక్కువగా పెంచుతుంది. అందుకే అమెరికా ఆహార మార్గదర్శకాలు ఆహారంలోని కొలెస్ట్రాల్‌కు పెట్టిన రోజుకు 300 మిల్లీగ్రాముల పరిమితిని 2015 సంచికలో పక్కనపెట్టాయి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2019లో ఆరోగ్యవంతులు రోజుకొక పూర్తి గుడ్డు తినవచ్చునని చెప్పింది. అంతమాత్రాన పచ్చసొనకు హద్దే లేదనుకోకూడదు. మధుమేహం, గుండెజబ్బు, వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్ట్రాల్ ఉన్నవారు వారానికి ఎన్ని తినవచ్చునో వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి. పచ్చసొన మానేసి, ఆ తెల్లసొననే వెన్నలో వేయించుకుంటే దక్కే మేలు మాత్రం పెద్దగా ఉండదు.

వైద్యుడు పచ్చసొన తగ్గించమన్నవారికి ఈ సీసా నిజంగా ఉపకరిస్తుంది. మిగిలినవారు ప్రోటీన్ కోసం కొనదలిస్తే, ఒక పూర్తి గుడ్డు కొట్టి దానికి తోడుగా సీసాలోది కలుపుకోవాలని నా సలహా. అట్టు మెత్తగానూ వస్తుంది.